జాతీయం: అర్థమూ వాడుకా (ఉత్తర తెలంగాణ తెలుగు, ఫ్రెంచి ఉదాహరణలతో)

నిర్వచనం, పరిధి

విడివిడి మాటల అర్థాలు కూడితే రాని అర్థాన్ని ఇస్తూ, జనం నోట స్థిరపడిపోయిన పదబంధం జాతీయం. నుడికారం, పలుకుబడి అనే మాటలు దీనికి దగ్గరివే గాని సరిసమానం కావు. నుడికారం ఒక భాష మొత్తానికి ఉండే తీరును కూడా చెబుతుంది. పలుకుబడి ఒక ప్రాంతం మాట్లాడే తీరును కూడా చెబుతుంది. సామెత తనంతట తానుగా నిలబడే మాట (చూ. సామెత, లోకోక్తి). జాతీయం అలా నిలబడదు. వాక్యంలో ఒక భాగమై కర్తను, కాలాన్ని, లింగవచనాలను సందర్భాన్ని బట్టి మార్చుకుంటుంది. 'సల్లకొచ్చి ముంత దాసినట్టు' లాంటివి రెండింటి నడుమ గట్టు మీద ఉంటాయి. వాటిని అటైనా ఇటైనా చేర్చుకోవచ్చు.

ఈ వ్యాసం పరిధి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 అక్టోబరు పునర్విభజన తర్వాత వీటిలో ఎక్కువ భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉంది. పోలికకు ఫ్రెంచి జాతీయాలను తీసుకున్నాం. ఇంటి భాషలోని జాతీయాన్ని ఎప్పుడు నేర్చుకున్నామో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి నేర్చుకోవడంలో ఏమేం ఇమిడి ఉన్నాయో బయటి భాష పక్కన పెడితేనే కనబడుతుంది. వ్యాసం నిలబెట్టే వాదం ఒక్కటే. జాతీయానికి అర్థం తెలియడం సగం పని. ఆ పదబంధం ఏ వాక్య చట్రంలో కూర్చుంటుంది, ఎవరు ఎవరితో అంటారు, ఏ సందర్భంలో అనరు అన్నవి మిగతా సగం. నిఘంటువులు, బడి పుస్తకాలు ఎక్కువగా మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాయి.

ఒక జంట: కాళ్లల్ల కట్టె, చక్రాల్లో కర్రలు

ఫ్రెంచి నేర్చుకునేవారికి తొందరలోనే ఎదురయ్యే జాతీయాల్లో 'మెత్ర్ దె బతోఁ దాఁ లె రూ' ఒకటి. మాటకు మాట చూస్తే చక్రాల్లో కర్రలు పెట్టడం. భావం, ఒకరి పని ముందుకు సాగకుండా అడ్డుకోవడం. కరీంనగర్ జిల్లాలో దీనికి 'కాళ్లల్ల కట్టె పెట్టుడు' అంటారు. పత్రికల తెలుగులో అడ్డుపుల్ల వేయడం, మోకాలడ్డడం ఉన్నాయి. భారత కథ తెలిసినవారు సైంధవుణ్ని పిలుస్తారు. అర్థం వరకే చూస్తే ఇవన్నీ ఒకే గాటన కట్టేయవచ్చు. నిఘంటువులో వీటన్నిటికీ 'ఆటంకం కలిగించు' అని ఒకే వివరణ రాస్తే తప్పు పట్టేవారుండరు. వాక్యంలో పెట్టబోతేనే తేడాలు బయటపడతాయి.

ఫ్రెంచిలో అడ్డంకి ఎదుర్కొన్న మనిషి సంప్రదానంలో వస్తాడు: 'అతనికి చక్రాల్లో కర్రలు పెడుతున్నారు' అన్న పద్ధతిలో. చక్రాలు అతనివే అయినా 'అతని చక్రాలు' అనరు. కర్రలు మామూలుగా బహువచనమే. ఉత్తర తెలంగాణ తెలుగులో మనిషి షష్ఠిలో వస్తాడు: 'పని సాగనిస్తలేడు, అడుగడుగున నా కాళ్లల్ల కట్టె పెడుతుండు.' ఇక్కడ కట్టె ఏకవచనంలో ఉండవచ్చు, కట్టెలు అయినా కావచ్చు. ఫ్రెంచి చట్రాన్ని యథాతథంగా దించి 'నాకు కాళ్లల్ల కట్టెలు పెట్టిండు' అంటే భావం అందుతుంది గాని, అన్నవాడు ఈ ప్రాంతం వాడు కాడని కూడా అందుతుంది. ఇక కట్టె అనే మాట సంగతి. కోస్తా పాఠకుడికి కట్టెలనగానే ముందు పొయ్యి గుర్తొస్తుంది. ఇక్కడ కట్టె అంటే చేతికర్ర కూడా; ముసలాయన కట్టె పట్టుకొని నడుస్తాడు. నడిచే మనిషి కాళ్ల నడుమ అడ్డం పడి బోర్లా పడేసేది ఆ కట్టె.

అడ్డుకున్నది ఎవరు అన్నది ఇంకో తేడా తెస్తుంది. వాన వల్ల పని ఆగిపోతే 'వాన నా కాళ్లల్ల కట్టె పెట్టింది' అనడం వినబడదు. కట్టె పెట్టేది మనిషి, లేదా మనుషులు నడిపే సంస్థ. అందులో ఉద్దేశం ఉండాలి. అందుకే ఇది వర్ణన కంటే ఎక్కువగా ఆరోపణ. అన్నదమ్ముల భూతగాదాల్లో, ఊరి రాజకీయాల్లో, ఎన్నికల సభల్లో ఎక్కువగా వినబడుతుంది. తన గురించి తాను 'నేను వాని కాళ్లల్ల కట్టె పెట్టిన' అని ఒప్పుకునేవాడు అరుదు. ఫ్రెంచి జాతీయంలోనూ ఇదే ఆరోపణ స్వరం ఉంది. భావం, స్వరం, చివరికి కర్ర కూడా కలిసిన చోట చట్రం కలవలేదు. జాతీయం నేర్చుకోవడంలోని అసలు చిక్కు ఇదే: పోలిక ఎంత దగ్గరగా ఉంటే పొరపాటుకు అంత ఎక్కువ చోటుంటుంది. కిందటి శతాబ్దపు పరిశోధన కూడా దీన్ని బలపరుస్తున్నది (చూ. ఈ వ్యాసంలోనే 'నేర్చుకునే తీరు').

చరిత్ర, నమోదు

తెలుగు పలుకుబడులను సేకరించి అచ్చువేసే పని 19వ శతాబ్దంలో వేగం అందుకుంది. సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852లో వెలువడింది. వ్యవహారంలోని పదబంధాలను అది చాలావరకు పట్టుకుంది. కెప్టెన్ కార్ 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' 1868లో మద్రాసు నుంచి వచ్చింది. ఈ కృషి ఎక్కువగా మద్రాసు రాజధాని జిల్లాల తెలుగు మీద నడిచింది. నిజాం ఇలాకా తెలుగు అందులోకి సరిగా రాలేదు. 20వ శతాబ్దంలో బూదరాజు రాధాకృష్ణ జాతీయాలకు విడిగా కోశం కూర్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది. తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించి తెలంగాణను ఉత్తర మండలంగా గుర్తించడం ఆ కృషి ఫలితమే. తెలంగాణ మాటలు కావ్యాల్లో ఎక్కడెక్కడ కనబడతాయో రవ్వా శ్రీహరి చూపించారు. కరీంనగర్ జిల్లాకే చెందిన నలిమెల భాస్కర్ 'తెలంగాణ పదకోశం' ఈ ప్రాంతపు మాటను నేరుగా ఆరోపాలుగా (కోశంలో పద్దు పెట్టే మాటలుగా) నిలబెట్టింది.

కోశాల కంటే కథలే ఈ ప్రాంతపు జాతీయాలను వాడుకతో సహా భద్రపరిచాయని చెప్పాలి. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పెద్దింటి అశోక్‌కుమార్ వంటి రచయితల సంభాషణల్లో ఎవరు ఎవరితో ఏ మాట అన్నారో కథే చెబుతుంది. ఆ సమాచారం కోశంలో ఉండదు. 2023లో సిరిసిల్ల ప్రాంతం నేపథ్యంగా వచ్చిన 'బలగం' సినిమా కూడా ఈ పలుకుబడిని మిగతా తెలుగువారి చెవిన వేసింది.

ఫ్రెంచి పరిస్థితి వేరు. 1635లో ఏర్పడిన ఫ్రెంచి అకాడమీ 1694లో తొలి నిఘంటువు తెచ్చింది. భాషాశాస్త్రంలో స్థిర పదబంధాలను వర్గీకరించే పనికి షార్ల్ బాలీ 1909లో ప్రచురించిన ఫ్రెంచి శైలీశాస్త్ర గ్రంథం పునాదుల్లో ఒకటి. 1979లో అలాఁ రే, సొఫీ షాంత్రో కూర్చిన జాతీయాల నిఘంటువు నేటికీ వాడుకలో ఉంది. ఫ్రెంచి నిఘంటువులు పదబంధం పక్కన 'ఇంటి మాట', 'మోటు మాట', 'పాత మాట' వంటి సూచనలు ఇవ్వడం ఆనవాయితీ. తెలుగు జాతీయ కోశాల్లో అరుదుగా కనిపించేవి సరిగ్గా ఈ సూచనలే.

ఉత్తర తెలంగాణ జాతీయాలు: నేల, పని, పొరుగు భాషలు

కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన శాసనం సుమారు క్రీ.శ. 945 నాటిది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కంద పద్యాలున్నందుకు సాహిత్య చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం. ఒకే బండ మీద మూడు భాషలు ఉండటం ఈ ప్రాంతానికి ఆనాటి నుంచే అలవాటు. ఆదిలాబాద్ వైపు గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ పక్కపక్కనే నడుస్తాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 'గుంజాల గోండి' పేరుతో 2018లో యూనికోడ్‌లో చేరింది. జాతీయాల మీద ఎక్కువ ముద్ర వేసింది మాత్రం ఉర్దూ. హైదరాబాద్ రాజ్యంలో కచేరి భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. అయితే ఈ ముద్ర ఒక తీరుగా లేదు. 'ఇజ్జత్ తీసిండు'లో నామం ఉర్దూది, చట్రం 'పరువు తీశాడు' అనే తెలుగుది. 'దిమాక్ తినకు'లో నామంతో పాటు బొమ్మ కూడా ఉర్దూలో ఉంది. కాకపోతే తల తినడం తెలుగు దేశమంతటా ఉన్నదే కాబట్టి ఏది దేనికి మూలమో తేల్చడం కష్టం. 'యాది మరిచిన' ఇంకో రకం. యాది అంటేనే జ్ఞాపకం. జ్ఞాపకాన్ని మరిచిపోవడమేమిటని బయటివారికి వింతగా తోస్తుంది. ఇక్కడివారికి అది తేవలసిన వస్తువునో చేయవలసిన పనినో మరిచిపోవడం. ఎప్పుడో జరిగినది గుర్తుకు రాకపోతే చట్రం మారి 'నాకు యాదికి లేదు' అవుతుంది.

ఇంటి నుంచి, పశువుల కొట్టం నుంచి వచ్చిన జాతీయాలు బొమ్మ తెలిస్తే గాని పూర్తిగా పలకవు. 'కుడితిల పడ్డ ఎలుక లెక్క' అన్నది అలాంటిది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, మిగిలిన అన్నం కలిపి పశువుల కోసం గోలెంలో పోసి ఉంచేది కుడితి. అంచు నున్నగా ఉంటుంది, పైన తవుడు తేలుతుంది, గట్టిగా కనబడుతుంది. కాలు పెట్టిన ఎలుకకు కింద నిలదొక్కుకునే ఆధారం ఉండదు, అంచుకు పట్టూ దొరకదు. తిండి నడుమనే కొట్టుకుంటుంది. నీళ్లలో పడ్డ ఎలుకకూ దీనికీ తేడా అదే: ఆశపడి వచ్చి చిక్కుకున్నవాడికే ఇది ఎక్కువ నప్పుతుంది. 'సల్లకొచ్చి ముంత దాసుడు' సంగతీ అంతే. పాడి లేని ఇల్లు పాడి ఉన్న ఇంటికి చల్ల కోసం వెళ్లేది. చల్లకు డబ్బులు తీసుకునే ఆనవాయితీ లేదు, అడగడానికి సిగ్గుపడవలసిన పనీ లేదు. అయినా వచ్చినామె ముంతను కొంగు చాటున పెట్టుకొని వానల గురించి, పిల్లల గురించి మాట్లాడుతుంది. అసలు సంగతి బయట పెట్టని మనిషిని ఎత్తిచూపే మాట ఇది. దీన్ని అనేది అవతలి మనిషి, అదీ చాలాసార్లు పనిని చేసిపెట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషి. కాబట్టి మందలింపులోనే 'అడుగు, పర్వాలేదు' అన్న భరోసా ఉంటుంది.

పని చోట్లలో పుట్టినవి కొన్ని. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని చుట్టూ సింగరేణి గనులు ఉండటంతో 'బాయి' అనే మాటకు వ్యవసాయపు బావితో పాటు బొగ్గు గని అనే అర్థం వచ్చింది. 'బాయి దిగుడు' అంటే డ్యూటీకి పోవడం, 'మస్టర్ పడుడు' అంటే ఆ రోజు హాజరు దక్కడం, 'నాగ పెట్టుడు' అంటే పనికి పోకపోవడం. చివరిది గనుల బయట కూడా వినబడుతుంది. బడికి పోని పిల్లవాడు కూడా నాగ పెట్టినట్టే. ఈ జిల్లాల బతుకుదెరువును 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అనే ప్రాసతో చెప్పడం ప్రసిద్ధం. ఇందులో దుబాయి ఒక ఊరు కాదు. మస్కట్ పోయినా, సౌదీ పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటారు.

శరీరావయవాల మీద ఆధారపడిన జాతీయాలు రెండు భాషల్లోనూ విస్తారం. విసిగించేవాణ్ని గురించి ఫ్రెంచివారు 'కాసే లె పియే', అంటే పాదాలు విరగ్గొట్టడం అంటారు. ఇక్కడ తలకాయ తింటాడు. స్పృహ తప్పడాన్ని ఫ్రెంచిలో 'తోంబే దాఁ లె పొమ్', అంటే ఆపిల్ పండ్లలో పడటం అంటారు. ఇక్కడ 'సోయి తప్పింది'. సోయి అనే మాటకు ఇంకా విస్తృతి ఉంది: 'సోయి లేని మనిషి' మూర్ఛపోయినవాడు కాదు, ఒళ్లు తెలియకుండా తిరిగేవాడు.

వాడుక నియమాలు

'పాణం మంచిగ లేదు' అని కరీంనగర్‌లో ఒకరు కబురు పంపితే జ్వరమో నలతో అని అర్థం. ప్రాణం అనే మాట విని కోస్తా బంధువు కంగారుపడి బండెక్కితే తప్పు ఆయనది కాదు. మాటలన్నీ తెలిసినవే, తీవ్రత ఎంతో తెలియదు. తగ్గిన తర్వాత, లేదా ఆందోళన తీరిన తర్వాత 'పాణం నిమ్మలపడ్డది' అంటారు. ఒకే నామం ఒంటి సంగతికీ మనసు సంగతికీ పని చేస్తుంది. ఏది ఎప్పుడన్నది క్రియ నిర్ణయిస్తుంది.

'ఉసురు పోసుకొనుడు' వ్యాకరణ పరంగా మరింత బిగువైనది. బలహీనులను బాధపెట్టి వాళ్ల దుఃఖఫలం తన మీదికి తెచ్చుకోవడం దీని భావం. 'గోస పోసుకొనుడు' కూడా ఇదే తీరు. బాధపడినవారు షష్ఠిలో, బాధపెట్టినవారు కర్తగా, క్రియకు తప్పనిసరిగా 'కొను' చేరి ఉంటుంది: 'ముసలిదాని ఉసురు పోసుకుంటున్నరు.' ఆ 'కొను' తీసేసి 'ఉసురు పోసిండు' అంటే ఊపిరి పోశాడనే ఎదురు అర్థం వైపు మాట జారుతుంది. చేసినవాడి మీదికే ఫలితం తిరిగొస్తుందన్న నమ్మకం మొత్తం ఆ చిన్న అనుబంధ క్రియలో ఉంది. 'బాధపెట్టు' అని అర్థం రాసి ఊరుకునే నిఘంటువు ఈ సగాన్ని వదిలేస్తుంది.

మనుషుల నడుమ వరసలు కూడా వాడుకను నిర్ణయిస్తాయి. 'నీ కడుపు సల్లగుండ' అనేది మేలు చేసినవారికి పెద్దలు, అందులోనూ ఎక్కువగా ఆడవారు ఇచ్చే దీవెన. కడుపు అంటే ఇక్కడ సంతానం. పెద్దామె 'నీ కడుపు సల్లగుండ బిడ్డా' అని కుర్రవాడితో అంటుంది. కుర్రవాడు అదే మాట తిరిగి ఆమెతో అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఫ్రెంచిలో నువ్వు, మీరు తేడా జాతీయాల ఎంపికను కొంతవరకు నడిపిస్తుంది: మీరు అనవలసిన చోట 'కాసే లె పియే' వంటి ఇంటి మాటలు దూరంగా ఉంటాయి. ఉత్తర తెలంగాణలో అలా సర్వనామం చూసి తేల్చడానికి వీల్లేదు. బాపును, అవ్వను, తాతను ఇళ్లలో నువ్వు అనే అంటారు. అందులో అగౌరవం లేదు. గౌరవం వరసలో ఉంటుంది, ఏ మాట ఎవరికి నప్పుతుందన్న ఎరుకలో ఉంటుంది.

అర్థం కదలకుండా వాడుక మొత్తం మారిపోయిన జాతీయం 'నీ బాంచెన్'. బాంచ అంటే దాసి. నేను నీ దాసిని అని మాటకు మాట అర్థం. 'బాంచెన్ దొరా, కాల్మొక్త' అనడం వెట్టి రోజుల్లో దొర ముందు నిలబడిన మనిషికి తప్పని మాట. అది వినయం కోసం ఎంచుకున్న మాట కాదు, అనకపోతే దెబ్బలు తినవలసిన మాట. 1946–51 సాయుధ పోరాటం, 1978 నాటి జగిత్యాల రైతుకూలీ పోరాటాలు దొరతనాన్ని కదిలించిన తర్వాత ఆ మాట పాత సందర్భం పోయింది, మాట పోలేదు. ఇప్పుడు 'నీ బాంచెన్, జర ఊకో' అని స్నేహితుణ్ని బతిమాలేటప్పుడు, విసుగు చూపేటప్పుడు, వేళాకోళానికి వినబడుతుంది. దొరల గడీల ముందు నిలబడిన తరం దీన్ని ఎలా వింటుంది, తర్వాతి తరం ఎలా వింటుంది అన్నది ఒక్క అర్థవివరణలో ఇమిడేది కాదు. అధికారి ముందు నేడు ఎవరైనా దీన్ని అంటే అది బతిమాలుకోవడమో, గాయపరిచే వెక్కిరింపో గొంతును బట్టే తెలుస్తుంది.

నేర్చుకునే తీరు: పరిశోధన, అభ్యంతరాలు

జాతీయాన్ని వినగానే మనసు ముందు మాటల అర్థం కట్టి, అది పొసగకపోతే రెండో అర్థం వెతుకుతుందని ఒకప్పుడు అనుకునేవారు. డేవిడ్ స్విన్నీ, ఆన్ కట్లర్ 1979లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి ఎదురు నిలిచాయి. తెలిసిన జాతీయాన్ని గుర్తించడానికి, అటువంటి మామూలు పదబంధాన్ని గుర్తించడానికి పట్టేదాని కంటే ఎక్కువ సమయం పట్టదని తేలింది. అంటే తెలిసినవారికి అది ఒకే మాటలా దాచిపెట్టుకున్న సరుకు. 1994లో నన్‌బర్గ్, శాగ్, వాసో దీనికి ఒక సవరణ చేశారు: కొన్ని జాతీయాల్లో భాగాలకు భావంలోనూ వాటా ఉంటుంది. కాళ్లల్ల కట్టెలో కాళ్లు పురోగతి, కట్టె ఆటంకం అని విడదీయవచ్చు. అందుకే 'ఎన్ని కట్టెలు పెట్టినా' అని లెక్కపెట్టడం సాధ్యం. ఫ్రెంచి 'పొజే అఁ లపాఁ', కుందేలును పెట్టడం, అంటే వస్తానని చెప్పి రాకపోవడం. అందులో కుందేలు దేనికి గుర్తు అంటే నేటి వ్యవహర్త దేన్నీ చూపలేడు. మొదటి రకాన్ని వివరించి నేర్పవచ్చు, రెండోది మింగవలసిందే.

పోలిక సాయమా, అడ్డా అన్నదానికి సూజన్ ఇరుహో 1986 అధ్యయనం గట్టి ఆధారం. ఆంగ్లం బాగా వచ్చిన, స్పానిష్ మాతృభాషగా గల విద్యార్థుల మీద చేసిన ఆ పరిశీలనలో రెండు భాషల్లో అచ్చంగా ఒకేలా ఉన్న జాతీయాలు అన్నిటికన్నా తేలికయ్యాయి. కొద్ది తేడాతో ఉన్నవి బాగానే అర్థమయ్యాయి గాని, సొంతంగా వాడేటప్పుడు మాతృభాష చట్రం అడ్డొచ్చింది. కర్ర ఒకటే అయి చట్రం వేరైన మన జంట రెండో కోవలోకి వస్తుంది. గుర్తుపట్టడం ఒక సామర్థ్యం, వాడటం ఇంకొకటి అని దీన్నిబట్టి చెప్పవచ్చు.

పుట్టుక కథ తెలిస్తే జాతీయం దానంతటదే వస్తుందన్నది తరచు వినిపించే అభ్యంతరం. ఇందులో నిజం లేకపోలేదు. మూలపు బొమ్మను వివరిస్తే జ్ఞాపకం ఉంచుకోవడం పెరుగుతుందని ఫ్రాంక్ బూర్స్, ఆయన సహచరుల అధ్యయనాలు చూపించాయి. కుడితి గోలెం చూసినవాడికి ఆ ఎలుక మరపుకు రాదు. కానీ గుర్తుండటం వేరు, నప్పిన చోట అనగలగడం వేరు. పైగా చాలా జాతీయాల పుట్టుక తగువులోనే ఉంది. ఆపిల్ పండ్లలో పడటం ఎలా వచ్చిందో ఫ్రెంచి పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా అక్కడి పదేళ్ల పిల్లలు దాన్ని తప్పులేకుండా వాడతారు. పుట్టుక తెలియకుండా వాడుక వస్తున్నప్పుడు, వాడుకకు పుట్టుక అవసరమనడం నిలవదు.

సందర్భాన్ని బట్టి ఊహించుకోవచ్చుగదా అన్నది మరో మాట. తెలియని మాట ఎదురైతే మనిషి ఆగి ఊహిస్తాడు. తెలిసిన మాటలే ఎదురైతే ఆగడు. 'పాణం మంచిగ లేదు'లో ఆగవలసిన చోటే కనబడదు. ఇక ప్రామాణిక తెలుగు వస్తే చాలు, ప్రాంతీయమైనవి ఎందుకు అనేవారికి జవాబు సులభం: అడ్డుపుల్ల కూడా ఒకప్పుడు ఏదో ఒక ప్రాంతంలోనే పుట్టి ఉంటుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. వాడుకకు నియమాలు రాస్తే జీవభాష గడ్డకడుతుందని, నిన్నటి నియమం నేటి మాటను తప్పు పడుతుందని అంటారు. 'నీ బాంచెన్' నడిచిన దారి చూస్తే ఈ భయం ఉత్తది కాదు. 1940లలో ఎవరైనా దాని వాడుకను నియమంగా రాసి ఉంటే నేడు అది చెల్లదు. అయితే ఆ దారిని మనం చూడగలుగుతున్నది కూడా అప్పటి వాడుక కథల్లో, జ్ఞాపకాల్లో దాఖలై ఉండబట్టే. ఎక్కడ, ఏ కాలంలో, ఎవరి నోట విన్నదో చెప్పి రాసిన వాడుక శాసనం కాదు, సాక్ష్యం. చట్రం సంగతి వేరు. అది అంత తొందరగా మారదు, దాన్ని నియమంగానే నేర్పవచ్చు.

బడిలో, నిఘంటువులో

తెలుగు పరీక్షల్లో జాతీయమిచ్చి సొంత వాక్యం రాయమనడం పాత పద్ధతి. 'రాముడు సోముడికి అడ్డుపుల్ల వేశాడు' అని రాస్తే మార్కు వస్తుంది. ఆ వాక్యంలో రాముడెవరో, సోముడు ఏం చేయబోయాడో, ఈ మాట అన్నదెవరో లేదు. విద్యార్థికి వాడుక తెలుసా లేదా అన్నది పరీక్షించినట్టే కాదు. ఇద్దరి మధ్య నాలుగు మాటల సంభాషణ రాయమంటే తెలిసిపోతుంది. ఇంట్లో గోండి, కొలామి, మరాఠీ మాట్లాడి బడిలో తెలుగు చదివే ఆదిలాబాద్ పిల్లలకు ఈ తేడా మరీ ముఖ్యం. వాళ్లకు ప్రామాణిక తెలుగు, అంగట్లో వినబడే తెలుగు రెండూ నేర్చుకునేవే, రెండింటి జాతీయాలూ కొత్తవే.

నిఘంటువు పని కూడా పెద్దగా పెరగదు. 'ఉసురు పోసుకొను' అనే ఆరోపం కింద ఐదు సంగతులు చేరితే సరిపోతుంది: బాధితులు షష్ఠిలో వస్తారని, 'కొను' విడిపోదని, బాధితుల పక్షాన మాట్లాడేవారు అనే మాట అని, చేసినవాడు తన గురించి అంటే అది పశ్చాత్తాపంగానే వినబడుతుందని, తెలంగాణ జిల్లాల్లో మాటల్లోనూ పత్రికల శీర్షికల్లోనూ వాడుకలో ఉందని. దాని కింద ఒక ఉదాహరణ వాక్యం, దాన్ని ఏ ఊళ్లో, ఏ ఏట, ఏ వయసువారి నోట విన్నారో ఒక్క ముక్క.